తాత లగ్గం ఏ పుస్తకంలో ఉంది?

చర్చి రిజిస్టరులో ఒక్క వరుస: ఎన్నో ఇళ్ల చరిత్రకు అదే మొదటి రాత

అంకాపూర్: కళ్లంలో ఎండిన పసుపు కొమ్ము బస్తాలకెక్కి మార్కెట్టుకు పోయిందంటే ఆర్మూరు ప్రాంతంలో లగ్గాల కాలం వచ్చినట్టే. చేతిలో నాలుగు రూపాయలు ఆడేది అప్పుడే. హిందువుల ఇంటనైనా, ముస్లింల ఇంటనైనా, క్రైస్తవుల ఇంటనైనా ఈ లెక్క ఒక్కటే. పెళ్లిపనులు మొదలుకాగానే పాత పెట్టెలు దింపుతారు. వాటిలోంచి పట్టుచీరతో పాటు ఒక పాత ఫొటో కూడా బయటికి వస్తుంది. తెల్లచీర కట్టిన పెళ్లికూతురు, మెడలో పూలదండతో బిగుసుకుని నిలబడ్డ పెళ్లికొడుకు, వెనుక రెండు వరుసల చుట్టాలు కనిపిస్తారు.

"వీళ్లెవరు?" అని పిల్లలు అడిగితే సగం ముఖాలకే జవాబు దొరుకుతుంది. "లగ్గం ఏ సంవత్సరం?" అంటే ఆ సగం కూడా దొరకదు. 1950 ప్రాంతంలో పద్దెనిమిదేళ్ల పెళ్లికూతురికి నేడు తొంభై దాటి ఉంటాయి. ఫొటోలోని వారిని పేరుపెట్టి చూపగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు.

అయితే ఆనాడు చర్చిలో జరిగిన లగ్గానికి ఫొటో కాక మరొక సాక్ష్యం కూడా ఉంటుంది. అది చర్చి వారి వివాహ రిజిస్టరు. పట్టా భూమి లేని, బడి మొఖం చూడని కుటుంబాలలో ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు పక్కపక్కన మొట్టమొదట రాతకెక్కింది చాలావరకు ఆ పుస్తకంలోనే. ఆ సంగతి తెలిసిన కుటుంబాలు తక్కువ. వెళ్లి చూసుకున్నవి మరీ తక్కువ.

చర్చి మారిన కాలం, రాజ్యం మారిన కాలం

నిజామాబాదు, మెదక్ ప్రాంతాలలో క్రైస్తవ సంఘాలను నెలకొల్పినది ముఖ్యంగా ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషన్. జార్జి కెర్, డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు 1915లో డిచ్‌పల్లిలో నెలకొల్పిన కుష్ఠు ఆస్పత్రి ఆ మిషన్ పనులలో పేరెన్నికగన్నది. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో కట్టిన పెద్ద చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో ఆ కట్టడం పని ఎందరికో కూలీ, గింజలు ఇచ్చిందని చుట్టుపక్కల పల్లెల్లో నేటికీ చెప్పుకుంటారు.

1947 సెప్టెంబర్ 27న మెథడిస్టు, ఆంగ్లికన్ సంఘాలు, అప్పటికే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు మద్రాసులో కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. సీఎస్ఐ అని జనం పిలిచేది దీనినే. నిజామాబాదు జిల్లా సంఘాలు మెదక్ డయోసిస్ కిందికి వచ్చాయి. దాదాపు ఏడాదికి, 1948 సెప్టెంబర్ 13న పోలీసు చర్య మొదలైంది. 17న నిజాం లొంగిపోయాడు. 1956 నవంబర్ 1న తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది.

అంటే 1950 ప్రాంతంలో ఇక్కడ లగ్గం చేసుకున్న జంట పుట్టింది నిజాం రాజ్యంలో, బాప్తిస్మం పొందింది వెస్లియన్ మిషన్ కింద, పెళ్లాడింది కొత్త దేశంలో, కొత్త పేరున్న సంఘంలో. ఇంటివారి జ్ఞాపకం తికమకపడటానికి ఇది కూడా ఒక కారణం. సర్కారు కాగితాలు ఉర్దూలో, లెక్కలు హాలీ సిక్కాల్లో, సంవత్సరాలు ఫస్లీలో ఉండేవి. పాత ఖర్చు చీటీ ఏదైనా దొరికి దానిపై 1358 అని ఉంటే కంగారు పడనక్కర లేదు. హైదరాబాదు ఫస్లీ సంవత్సరం అక్టోబర్‌లో మొదలయ్యేది. ఆ అంకెకు 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అంటే ఫస్లీ 1358 అనగా 1948 అక్టోబర్ నుంచి 1949 సెప్టెంబర్ వరకు. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇండియా రూపాయలకు సమానం.

ముహూర్తం లేకున్నా కాలం ఉంది

చర్చి లగ్గానికి పంచాంగం చూడరు. అయినా ఏ రోజు పడితే ఆ రోజు చేసేవారు కాదు. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై శ్రమదినాలలో పెళ్లిళ్లు పెట్టుకోవడం సంఘంలో ఆనవాయితీ కాదు. ఆ నలభై రోజులు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో పడతాయి.

పసుపు పంట లెక్క కూడా దీనికి సరిగ్గా కుదిరింది. జూన్‌లో పెట్టిన పసుపు జనవరి నుంచి తవ్వకానికి వస్తుంది. తవ్వాలి, కడగాలి, ఉడకబెట్టాలి, రోజుల తరబడి ఎండబెట్టాలి, మెరుగు పెట్టాలి. ఆ రోజుల్లో ఆడా మగా అందరికీ చేతినిండా పనే. కూలికి వెళ్లే ఇంట్లో లగ్గం మాట ఎత్తేందుకు తీరిక ఉండదు. పని తీరి, కూలీ డబ్బులు చేతికి వచ్చే నాటికి ఈస్టర్ కూడా వెళ్లిపోయేది. అందుకే ఈ ప్రాంతంలో చర్చి లగ్గాలకు ఏప్రిల్ చివర, మే నెల అనువైన రోజులు.

తేదీ మరచిపోయిన కుటుంబాలకు ఈ లెక్క పనికొస్తుంది. "పోలీసు చర్య అయినాక వచ్చిన ఎండాకాలంలో, ఈస్టర్ పండుగ దాటినాక" అని ఇంట్లో ముసలవ్వ అన్నదనుకుంటే అది 1949వ సంవత్సరం. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 17న వచ్చింది. కాబట్టి ఏప్రిల్ 18 నుంచి జూన్‌లో వానలు పడేదాకా ఉన్న పేజీలు తిరగేస్తే చాలు. మరుసటి ఏడు 1950లో ఈస్టర్ ఏప్రిల్ 9, 1951లో మార్చి 25. జ్ఞాపకం వదులుగా ఉన్నా పండుగ, పంట, పోలీసు చర్య అనే మూడు గుంజలకు కట్టితే రెండు నెలల మేరకు దగ్గర పడుతుంది.

మూడు ఆదివారాల ప్రకటన

లగ్గం కుదిరాక ఇంటి దగ్గర ప్రధానం జరిగేది. ఆ తరువాత చర్చిలో వరుసగా మూడు ఆదివారాలు అయ్యగారు పెళ్లి ప్రకటన చదివేవారు. ఫలానా ఊరి ఫలానావారి కొడుక్కు, ఫలానావారి బిడ్డకు వివాహం కానున్నది, ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే తెలపవచ్చు అని దాని సారాంశం. ఈ పద్ధతి నేటికీ ఉంది.

దీనిని ఉత్త లాంఛనం అనుకోరాదు. అబ్బాయికి వేరే ఊళ్లో ఇంతకుముందే పెళ్లయిందా, అమ్మాయికి వయసు వచ్చిందా, ఇద్దరూ వరుస అయినవారేనా అన్నది నలుగురిలో తేలేది అక్కడే. బిడ్డను దూరపు ఊరికి ఇచ్చే తల్లిదండ్రులకు అది కాపుదల. అబద్ధమాడి రెండో లగ్గానికి సిద్ధపడ్డవాడికి మూడు ఆదివారాలు గడవడం కష్టం.

లగ్గం నాడు మరొక సంగతి ఉంది. పెళ్లికొడుకును అడిగినట్టే పెళ్లికూతురిని కూడా అయ్యగారు పేరుపెట్టి అడుగుతారు. ఈ మనిషిని భర్తగా చేసుకోవడం నీకు సమ్మతమేనా అని. ఆమె తన నోటితో, పదిమందికి వినపడేలా సమ్మతమే అనాలి. తలవంచుకుని మెల్లగా అన్నా సరే, ఆ మాట రాకుండా లగ్గం ముందుకు సాగదు. ఆడపిల్ల ఇష్టం అడగడం అరుదైన రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

పొద్దున బండి కట్టి, పొద్దు గూకకముందే

ఒక్క అయ్యగారి కింద ఎన్నో పల్లెలు ఉండేవి. కాబట్టి లగ్గం చాలాసార్లు సొంత ఊళ్లో కాక, పెద్ద చర్చి ఉన్న ఊళ్లో జరిగేది. ఆర్మూరు నుంచి నిజామాబాదు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఎడ్లబండి మీద అది ఏడెనిమిది గంటల ప్రయాణం. అంత దూరం పోవలసిన పెళ్లివారు తెల్లవారక ముందే బండ్లు కట్టేవారు, లేదా ముందు రోజే చేరుకునేవారు.

తొందరకు మరొక కారణం కూడా ఉంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం లగ్గం సాధారణంగా ఉదయం 6 గంటలకు, సాయంత్రం 7 గంటలకు మధ్యనే జరగాలి. మినహాయింపులు ఉన్నా అవి తక్కువ. అర్ధరాత్రి లగ్నాలు చూసి పెరిగిన ఊరిలో ఈ పగటి పెళ్లి కొత్తగా కనిపించేది. చర్చి పని పగలే ముగిసినా, ఊరికి తిరిగి వచ్చాక డప్పులతో బరాతు, బంతి భోజనాలు, అప్పగింతలు, ఒడిబియ్యం మామూలే. చర్చిలో జరిగింది ఒక పూట. ఊరిలో జరిగింది రెండు మూడు రోజులు.

పసుపు సంగతి, పుస్తె సంగతి

పసుపు పండించే గడ్డ మీద పసుపు లేని లగ్గం ఉంటుందా అన్నది ఆనాటి చర్చి పెద్దలకు ఎదురైన ప్రశ్న. నలుగు పెట్టవచ్చునా, పుస్తె కట్టవచ్చునా, మెట్టెలు తొడగవచ్చునా, బొట్టు సంగతేమిటి? ఒక్కొక్క సంఘం, ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క విధంగా తేల్చుకున్నాయి. చాలా ఇళ్లలో ఒంటికి పసుపు నలుగు నిలిచిపోయింది. అది పూజ కాదు, ఒంటికి మేలు, లగ్గపు కళ అన్నారు. బొట్టు కొన్ని ఇళ్లలో పోయింది, కొన్నింటిలో ఉంది.

పుస్తె విషయంలో మధ్యేమార్గం దొరికింది. దక్షిణ ఇండియా సంఘం వారి వివాహ క్రమంలో ఉంగరానికీ, మంగళసూత్రానికీ రెండింటికీ చోటు ఉంది. దాంతో తెలుగు క్రైస్తవుల లగ్గాల్లో సిలువ గుర్తు వేసిన పుస్తె వాడుకలోకి వచ్చింది. తెల్లవారి దేశం నుంచి వచ్చిన పొడుగు గౌను స్థానంలో తెల్లచీర నిలబడింది.

ఈ కలగలుపు మీద పెద్ద పరిశీలన కూడా జరిగింది. పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ అనే ఇద్దరు పండితులు మెదక్ జిల్లా జంగరాయి చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవుల జీవితాన్ని పరిశీలించి రాసిన పుస్తకం 1968లో లండన్‌లో వెలువడింది. చర్చి నేర్పిన పద్ధతీ, ఊరి పద్ధతీ ఒకే ఇంట్లో ఎలా కలిసి నడిచాయన్నదే దాని విషయం. ఇంటివారికి అందులో వింత ఏమీ కనబడకపోవచ్చు. పాత పెళ్లి ఫొటో చూసినా ఆ కలగలుపు తెలుస్తుంది. తెల్లచీర, పుస్తె, పూలదండ, చేతిలో బైబిలు అన్నీ ఒక్క ఫొటోలో ఉంటాయి.

ఒక్క వరుసలో ఎన్ని సంగతులు

లగ్గం ముగిసిన వెంటనే రిజిస్టరు ముందుకు వస్తుంది. 1872 చట్టంతో జతపరచిన నమూనాలో గడులు ఇవి: లగ్గం జరిగిన సంవత్సరం, నెల, తేదీ, ఇద్దరి పేర్లు, ఇంటి పేర్లు, వయసు, ఇంతకుముందు పెళ్లి కానివారా, భార్య లేదా భర్త చనిపోయినవారా, వృత్తి, అప్పుడు ఉంటున్న ఊరు, తండ్రి పేరు, ప్రకటన ద్వారానా, లైసెన్సు ద్వారానా, జంట సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు, లగ్గం చేసిన అయ్యగారి సంతకం.

కుటుంబ చరిత్ర కావలసినవారికి ఒక్కొక్క గడి ఒక్కొక్క తలుపు. ఊరి పేరు చూస్తే తాత పుట్టిన ఊరు వేరని, కూలికో నౌకరీకో ఇక్కడికి వచ్చాడని తెలియవచ్చు. వృత్తి గడిలో జీతగాడు, కూలి, బడి పంతులు, ఆస్పత్రి పనివాడు అన్న ఒక్క మాట ఆ ఇంటి స్థితి చెబుతుంది. సాక్షులు సాధారణంగా మేనమామో, బావో, సంఘ పెద్దో అయి ఉంటారు. తెగిపోయిన చుట్టరికం అక్కడ మళ్లీ దొరకవచ్చు.

సంతకాల గడి మనసును పట్టుకుంటుంది. 1951 జనాభా లెక్కల నాటికి హైదరాబాదు రాష్ట్రంలో చదువు వచ్చినవారు నూటికి పదిమంది కూడా లేరు. ఆడవారిలో మరీ తక్కువ. అటువంటి రోజుల్లో వేలిముద్ర ఉంటే ఆశ్చర్యం లేదు. వంకరటింకరగానైనా తెలుగులో పేరు రాసి ఉంటే, అది బైబిలు చదవడానికి రాత్రిబడిలో నేర్చిన అక్షరం కావచ్చు. మనవరాలు ఉద్యోగ దరఖాస్తు మీద చేసే సంతకానికి ముత్తవ్వ అక్కడే నాంది పలికి ఉండవచ్చు.

ఒక లోపం కూడా చెప్పుకోవాలి. ఆ నమూనాలో తండ్రి పేరుకు గడి ఉంది, తల్లి పేరుకు లేదు. కని పెంచి నలుగు పెట్టి పంపిన తల్లి పేరు ఆ వరుసలో కనిపించదు. అది ఇంట్లో అడిగి రాసుకోవలసిందే.

రెండు పేర్ల చిక్కు

పుస్తకం తిరగేసినా పేరు దొరకలేదని నిరాశపడేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆనాడు చాలామందికి రెండు పేర్లు. ఊరిలో ఎల్లయ్య, చర్చిలో ఏలియా. ఇంట్లో మల్లవ్వ, రిజిస్టరులో మరియమ్మ. బాప్తిస్మపు పేరు తెలియకపోతే తండ్రి పేరు, ఊరి పేరు పట్టుకుని వెతకాలి. బాప్తిస్మపు రిజిస్టరు కూడా చూస్తే రెండు పేర్లూ ఒకే మనిషివని తేలవచ్చు.

రెండు పేర్లు నిలిచిపోవడానికి అలవాటు ఒక్కటే కారణం కాదు. 1950 ఆగస్టు 10న వెలువడిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందూ మతం కానివారిని ఆ జాబితా నుంచి తప్పించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. క్రైస్తవం స్వీకరించిన దళితులు ఈ రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల సి గ్రూపులోకి వస్తారు. కాబట్టి చర్చి పుస్తకంలోని పేరు ఒకటి, బడి కాగితంలోని పేరు మరొకటి అయిన ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్లలో పాత రిజిస్టరు సంగతి ఎత్తడానికి పెద్దలు జంకితే వారిని తప్పుపట్టలేము. బతుకు కోసం పేరును దాచుకోవలసి రావడం కూడా ఆ ఇంటి చరిత్రే.

అడిగితే చూపించాలి

చర్చి రిజిస్టరు అయ్యగారి సొంత పుస్తకం కాదు. దానిని భద్రపరచేవారు నిర్ణీత రుసుము తీసుకుని, తగిన వేళల్లో వెతకనివ్వాలని, కావలసిన వరుసకు తమ సంతకంతో నకలు ఇవ్వాలని 1872 చట్టం 79వ సెక్షను చెబుతున్నది. అలా ధ్రువీకరించిన నకలు లగ్గానికి సాక్ష్యంగా చెల్లుతుందని 80వ సెక్షను చెబుతున్నది. వితంతు పింఛను, వారసత్వం, పేరు సవరణ వంటి పనుల్లో ఇతర కాగితం లేనప్పుడు ఈ నకలు అక్కరకు వస్తుంది.

ఊరిలో ఇతరులకు ఈ వసతి తక్కువే. హిందువుల లగ్నపత్రిక పెళ్లితోనే చేతులు మారి పోతుంది. ముస్లింల నిఖాకు ఖాజీ దగ్గర రాత ఉంటుంది. అన్ని మతాల పెళ్లిళ్లూ నమోదు కావాలని ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 2002లో. దేశమంతటా నమోదు తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది 2006లో. చర్చి మెట్లెక్కిన పేద జంటకు ఆ రాత అంతకు సుమారు యాభై ఏళ్ల ముందే దక్కింది.

అయితే ఆ పుస్తకాలకు చెదలు ఉంది, వాన కారు ఉంది. సిరా వెలిసిపోతుంది. అట్టలు ఊడిపోతాయి. డెబ్బై ఏళ్లు దాటిన కాగితం తిరగేసిన ప్రతిసారీ కొంత రాలుతుంది. సంఘ పెద్దలు పూనుకుని పాత రిజిస్టర్లను పొడిచోట పెట్టించి, ఒక్కొక్క పేజీకి ఫొటో తీయించి ఉంచితే ఖర్చు పెద్దగా కాదు.

ఇంటివారు చేయవలసింది అంతకంటే సులభం. ఈ ఎండాకాలం లగ్గానికి చుట్టాలందరూ కూడినప్పుడు పాత ఫొటో ముసలివారి చేతికి ఇచ్చి, ముఖాల పేర్లు అడిగి వేరే కాగితం మీద వరుసగా రాసుకోవాలి. రిజిస్టరులో గడి లేని తల్లుల పేర్లు ముందు రాసుకోవాలి. ఆ కాగితం పట్టుకుని చర్చికి వెళితే, పుస్తకంలో ఉన్నదీ ఇంట్లో చెప్పినదీ సరిచూసుకోవచ్చు. పుస్తకం మరికొన్నాళ్లు ఉండవచ్చు. ఫొటోలో వేలుపెట్టి "ఇదిగో, ఇది మా అమ్మ" అని చూపే చెయ్యి మాత్రం వచ్చే పసుపు పంట దాకా ఉంటుందని చెప్పలేము.